మూడు కళ్ల కాపలా

ఒక భాగం చెడినా ఆగని సర్క్యూట్ల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో, నా తెలివినంతా మా బాపు నడిపే సాంచెకు, అంటే మరమగ్గానికి, బిగించాను. పోగు తెగితే సాంచెను ఆపడానికి మూడు ఎలక్ట్రానిక్ కళ్లు పక్కపక్కనే పెట్టాను. ఒకటి తప్పు చెప్పినా మిగతా రెండింటి మాటే నెగ్గుతుంది. ఇక ఫికర్ లేదని బాపును చాయ్‌కి పంపి, ఆ కళ్లు చెప్పేది చూపించే మీటరు ముందు కూర్చుని మురిసిపోయాను.

ఆయన తిరిగొచ్చేసరికి మూరెడు బట్టలో పోగు లేని చార. దూది దుమ్ము కప్పేసిన మూడు కళ్లూ అంతా బాగుందని ఏకగ్రీవంగా చెప్పాయి.

బాపు సాంచె ఆపి, తెగిన పోగు ముడేస్తూ అన్నాడు: "ముగ్గుర్ని ఒక్కకాడ్నే కూసోవెడ్తివి కొడుకా. ఒకడు పండుకుంటె అందరు పండుకుంటరు."

మర్యాదకు ముగ్గురన్నాడు. నాతో కలిపి నలుగురం.