మావయ్య నమ్మిన ఒకే ఒక్క జవాబు

మా మావయ్య పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. ఇలాంటి కబురు వస్తే ఆయనైతే ముందు, "ఎవుడు సెప్పేడు? సూసి సెప్పేడా?" అని అడిగేవారు. నేనూ అలాగే అడగబోయి నాలుక కరుచుకున్నాను.

ఆ అనుమానం ఆయనకు అనకాపల్లి బెల్లం మార్కెట్లో పట్టింది. కుర్రతనంలో అక్కడ కళాసీగా మోతపని చేశారు. దిమ్మను గీకి లోపలి రంగు చూడనిదే అక్కడెవరూ ధర చెప్పరు. మనుషుల్నీ ఆయన అలాగే చూసేవారు. పెళ్లి భోజనంలో అడక్కుండా రెండో లడ్డూ వేస్తే, వడ్డించినవాడి మొహంలోకి అదోలా చూసేవారు.

తర్వాత అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరారు. అక్కడ చాలా ఏళ్లు చేశాక మెషిన్లో పడి కుడిచెయ్యి నలిగింది. కంపెనీవాళ్లు ఆస్పత్రి ఖర్చు భరించారు, జీతం ఆపలేదు, ఫిజియోథెరపీకి కారు పంపారు. అది చాలదన్నట్టు, ఆయన మళ్లీ పనిలోకి వచ్చేసరికి మెషిన్‌కి కాలితో తొక్కే పెడల్ పెట్టిస్తామన్నారు. మేమంతా దేవుడికి దండం పెట్టుకున్నాం. మావయ్య మాత్రం కారెక్కడం మానేశారు.

"ఇంత ఖర్సు ఊరికే పెడతారేటి? సెయ్యి బాగైపోయిందని ఫొటో తీసుకుని, ఆనక గెంటేత్తారు. నాను ఎల్లను."

వేళ్లు రోజురోజుకీ బిగుసుకుపోతున్నాయి. ఇంకా ఆలస్యమైతే ఇక వంగవని డాక్టర్ చెప్పేశారు. అత్త ఏడుస్తోంది. నిజానికి కంపెనీ మీద నాకూ అనుమానమే. అయినా వెళ్లి, ఈ వ్యవహారాలు చూసే ఆఫీసర్ని ఇంటికి తీసుకొచ్చాను.

"మీరంతా మా కుటుంబమండీ" అని మొదలుపెట్టారాయన. మావయ్య గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఎంతసేపు బతిమాలినా అంతే. చివరికి ఆఫీసరుకి విసుగొచ్చింది.

"ఉన్నమాట చెప్తాను వినండి. ఆ మెషిన్ మీద మీలా చెయ్యి తిరగడానికి కొత్తవాడికి ఏళ్లు పడుతుంది. ఈలోగా వాడు పాడుచేసే సరుకు ముందు ఈ కారూ పెడలూ ఓ ఖర్చు కాదు. మిమ్మల్ని నిలబెట్టుకుంటేనే మాకు లాభం."

నాకు ఒళ్లు మండింది. మావయ్య ఇటు తిరిగి నవ్వారు.

"ఈ ముక్క ముందే సెప్పాలి గదేటి బావూ! లాబం కోసవంటే నమ్ముతాను. రేపు కారు అంపండి."

వేళ్లు పూర్తిగా వంగలేదు గానీ, ఆ పెడల్ తొక్కుతూ రిటైరయ్యేదాకా పనిచేశారు. చివరి రోజు వరకూ అన్నం తనే కలుపుకుని తిన్నారు. అందుకు ఆ కంపెనీకి రుణపడి ఉండాలో, ఆ లాభానికి రుణపడి ఉండాలో నాకిప్పటికీ తెలియదు.

ఆదివారం ఆ ఆఫీసరు వచ్చారు. ఆయనా ఆ కంపెనీ వదిలేసి చాలాకాలమైందట. దండ వేసి వెళ్లిపోతారనుకున్నాను. పాడె లేస్తుంటే చెప్పులు విప్పేసి భుజం పట్టారు. ఈయనకిందులో ఏం కలిసొస్తుందని నా బుర్ర వెంటనే వెతకడం మొదలుపెట్టింది. రోడ్డు కాలిపోతోంది. మార్చుకుంటామని ఎవరు చెయ్యి చాపినా తలూపి వద్దన్నారు. ఇస్త్రీ చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. శారదా నది గట్టుదాకా ఆయన ఒట్టికాళ్లతో అలాగే నడిచారు. వెనకే నడుస్తూ నేను కారణం వెతుకుతూనే ఉన్నాను.