బండి దగ్గర ఆగండి

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు రోజూ నడిచొచ్చే హారతి, దారిలో కనబడిన ప్రతి బోర్డుకూ మనసులోనే మార్కులు వేస్తుంది. టిఫిన్ సెంటర్ మెనూలో ఇడ్లీ ఆరో వరుసలో ఉంటే ముఖం చిట్లిస్తుంది. కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్‌ను సర్దడం ఆమె ఉద్యోగం. ఒక్కో పేజీ పేరు ఒక్కో చీటీ మీద రాసి, బల్ల మీద పరిచి, పేకముక్కల్లా అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుంది. ఏది కావాలన్నా రెండు క్లిక్కుల్లో దొరకాలి. మూడో క్లిక్కు పడిందంటే మెటికలు విరుచుకుంటుంది. సెంటర్ గేటు వెనక సందులో ఉంది, కొత్త పిల్లలకు ఒక పట్టాన దొరకదు. అందుకే ఈమధ్య డైరెక్టర్ సందేశాన్ని అట్టడుక్కి దించి, ‘గేటు ఎటు?’ అన్న చీటీని అన్నిటికన్నా పైన పెట్టి, సైట్‌నూ అలాగే మార్చింది. వారం తిరిగేసరికి సందు మొదట్లో జామకాయలమ్మే మాసమ్మ ఆమెను ఆపింది.

“ఏం జేసినవ్ బిడ్డా? పిల్లలు దారి అడగనీకి ఆగేటోళ్లు. ఆగినంక ఓ కాయ కొనేటోళ్లు. ఇప్పుడు ఫోన్ జూసుకుంట సీదా పోతున్రు. మరి నా సంగతేంది?”

హారతి ఉప్పూకారం అద్దిన కాయ ఒకటి కొనుక్కుని పైన ఆఫీసుకెళ్లి, అది తింటూనే దారి పేజీలో మొదటి వాక్యం మార్చేసింది: ‘మాసమ్మ జామకాయల బండి దగ్గర ఆగండి. పక్కనే సందు.’

వెనక నిలబడి చూస్తున్న డైరెక్టర్ అడిగారు. “ఆగడమెందుకు హారతి గారూ? తిరగండి అంటే చాలదా?”

“ఆగకపోతే సందు దాటిపోతారు సార్,” అంది హారతి. పెదవి చివర కారం ఇంకా అంటుకునే ఉంది.