సముద్రపు గాలి రాని రోజు

డెబ్బైల చివర్లో నన్ను విశాఖపట్నం వాతావరణ కార్యాలయానికి ప్రొఫెషనల్ అసిస్టెంటుగా వేశారు. హోదా పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం చార్టులు గీయడం, బెలూన్లు ఎగరేయడం, సూచన చిత్తుప్రతి రాసి పై అధికారి ముందు పెట్టడం. సంతకం చేసే అధికారం అసిస్టెంట్ మెటియరాలజిస్టుది. మా ఆఫీసులో ఆయన శేషగిరి గారు. నియమావళిలో లేని మాట ఒక్కటి రాసినా ఎర్ర సిరాతో కొట్టేసేవారు. నా చిత్తుప్రతులు చాలావరకు ఎర్రబడే తిరిగొచ్చేవి. మొదటి ఏడాది ఆయన పేరు చెబితేనే నాకు ఒళ్లు మండేది.

నేను చెప్పబోయేది మరుసటి వేసవి ముగింపులో, రోహిణి కార్తెలో జరిగింది. విశాఖలో ఎండ ఎంత కాసినా, పొద్దెక్కేసరికి సముద్రం మీంచి గాలి తిరిగి ఊరు కాస్త తెరిపిన పడుతుంది. ఆ వారం మాత్రం పడమటి గాలి పట్టిన పట్టు విడవలేదు. తారు చెప్పులకు అంటుకునేది. రేవులో మధ్యాహ్నం పూట కూలీలకు పని ఆపేశారు. మేము రోజూ ప్రాంతీయ సూచనలో కోస్తాలో వడగాడ్పులు కొనసాగుతాయని రాసి రేడియోకు, కలెక్టరాఫీసుకు, పోర్టుకు పంపేవాళ్లం. శేషగిరి గారు ఎర్ర సిరా వాడాల్సిన అవసరమే రాలేదు.

ఆ ఉదయం పైలట్ బెలూన్ నేనే వదిలాను. హైడ్రోజన్ నింపిన చిన్న బెలూనది. థియోడొలైట్‌లోంచి చూస్తూ దాని వెంటపడితే ఏ ఎత్తున గాలి ఎటు వీస్తోందో లెక్క తేలుతుంది. పడమటి గాలి నేలకు దగ్గరగా పలచబడితే సముద్రపు గాలి దాన్ని తోసుకుని ఊళ్లోకి వస్తుంది. ఆ రోజు బెలూన్ నా చేయి వదిలిన దగ్గర్నుంచీ తిన్నగా సముద్రం మీదికే పరుగెత్తింది, ఎంత పైకి పోయినా దిక్కు మార్చలేదు. ఈ రోజు గాలి తిరగదని అర్థమైంది. ఇంకో మాడిపోయే రోజు, అంతే అనుకుని డాబా దిగాను.

మధ్యాహ్నం నూకాలమ్మ వచ్చింది. మా క్వార్టర్లకు చేపలు తెచ్చి అమ్మే మనిషి. బేరం దగ్గర నన్ను ఎప్పుడూ ఆటపట్టించేది, ఆకాశం లెక్కలు తెలుసు గాని కోనెం చేప లెక్క తెలియదని. ఆ రోజు తల మీద తట్ట లేదు, నోట్లో వేళాకోళం లేదు. వరండా స్తంభం పట్టుకుని నిలబడింది.

"గాలెప్పుడు తిరుగుతాదో సెప్పమ్మా," అంది. "తెప్పలొక్కటీ ఒడ్డుకి రానేదు. మా ఇంటాయన, మా మరిదీ ఆటి మీదే ఉన్నారు. తాగడానికి కుండడు నీల్లే అట్టుకెల్లారు."

అప్పటికి నూకాలమ్మ వాళ్ల జాలరివాడలో ఒక్క తెప్పకూ ఇంజన్ లేదు. తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలికి తెరచాప ఎత్తి లోపలికి పోతారు, సముద్రపు గాలి అందుకుని తిరిగొస్తారు. ఆ తిరుగు గాలి లేకపోతే తెడ్లే దిక్కు, అదీ వడగాలికి ఎదురు. ఉదయం నేను చూసిన బెలూన్ ఏం చెప్పిందో నాకప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. మత్స్యకారులకు మేము హెచ్చరిక ఇచ్చేది వాయుగుండానికి, ఈదురుగాలికి. వడగాలికి అలాంటి హెచ్చరిక లేదు. ఎండ నేల మీది వాళ్ల సంగతని మా నియమావళి లెక్క.

నూకాలమ్మను కూర్చోమని చెప్పి శేషగిరి గారి గదిలోకి వెళ్లాను. బెలూన్ లెక్కలు ముందు పెట్టి, రాత్రి దాకా గాలి తిరగదని, పోర్టు వాళ్లను లాంచీ పంపమని అడుగుదామని అన్నాను. ఆయన లెక్కలన్నీ మళ్లీ తానే వేసి చూసుకున్నారు. అంతసేపూ నాకు ఆయన మీద కోపమే.

"తిరిగితే?" అన్నారు చివరికి.

లాంచీ ఖర్చు దండగవుతుందని, మనకు మెమో వస్తుందని చెప్పాను. ఆయన ఫోనందుకున్నారు. రేవు హద్దు దాటి లాంచీ పంపాలంటే రాతలో కావాలన్నారు అవతలివాళ్లు. శేషగిరి గారు తెల్లకాగితం తీసుకుని, నియమావళిలో ఎక్కడా లేని వాక్యం రాశారు: ఈ రోజు చీకటి పడేదాకా విశాఖ తీరంలో సముద్రపు గాలి రాదు. సంతకం పెట్టి, ప్యూన్‌ను సైకిల్ మీద పంపారు.

"తప్పయితే నా సంతకం. ఒప్పయితే మీ బెలూను," అన్నారు నాతో. ఆయన హాస్యమాడగా వినడం నాకదే మొదలు.

లాంచీ బయల్దేరాక కాసేపటికి గాలి పడిపోయింది. డాబా మీది గాలికోడి ఊగి ఊగి సముద్రం వైపు తిరిగింది. లాంచీని వెనక్కి పిలుద్దామా అని ఎవరో అడిగారు. మా లెక్క మారలేదు కదా అన్నారు శేషగిరి గారు, మజ్జిగ గ్లాసు దించకుండానే. కాసేపటికి గాలికోడి మళ్లీ పడమటికి తిరిగింది. వడగాలి చీకటి పడ్డా ఆగలేదు.

తెప్పలు నేల కనిపించనంత దూరంలో దొరికాయని లాంచీ నడిపిన సారంగు తర్వాత చెప్పాడు. మనుషులు తడిపిన తెరచాపల కింద ముడుచుకుని పడుకుని ఉన్నారట. అందరినీ ప్రాణాలతో లాక్కొచ్చాడు. నూకాలమ్మ భర్తకు మాట పడిపోయి ఆసుపత్రిలో చేర్చారు. ఆయన కోలుకున్నాక ఆమె మళ్లీ తట్టతో వచ్చింది. నాకు చేపలు, శేషగిరి గారికి తాటిముంజలు. ఆయన చేపలు తినరని ఎవరిని అడిగి తెలుసుకుందో మరి.

లెక్క ఒప్పయినా, నియమావళిలో లేని సూచన ఇచ్చినందుకు మెమో వచ్చింది. ఆయన దాన్ని ఫైలులో పెట్టి, జవాబుగా వేసవి సూచనలో సముద్రపు గాలి గురించి ఒక వాక్యం ఉండాలని ప్రతిపాదన పంపారు. రెండు వేసవుల తర్వాత పై ఆఫీసు వాళ్లు అది ఒప్పుకున్నారు. నేను ఉద్యోగంలో నేర్చుకున్నదానిలో మంచి భాగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ ఎర్ర సిరాకు కూడా ఇప్పుడు కృతజ్ఞురాలిని. లెక్క సరిగ్గా ఉంటేనే దాని వెనక నిలబడగలం.

సూచన సరైనదైతే చాలదు, దాన్ని నమ్ముకుని ఎవరు ఎక్కడున్నారో కూడా చూడాలన్నది ఆ రోజు నేర్పింది. తర్వాత సంతకం నా చేతికొచ్చింది. నియమావళిలో లేని సూచన పట్టుకుని కుర్రకారు నా ముందుకు వచ్చినప్పుడు, లెక్కలన్నీ నేనే మళ్లీ వేసేదాన్ని. తిరిగితే అని అడిగేదాన్ని. ఆ తర్వాత కలం తీసేదాన్ని.