పొడుగు చెవుల మేక, మిట్టమీది పాలచెట్టు

మొన్న తిరుత్తణి బస్సులో, వానకు తడిసిన మేకపిల్లను ఒళ్ళో పెట్టుకొని ఒకామె నా పక్కన కూర్చోనుండింది. ఆ తడి బొచ్చు వాసన తగిలి కండ్లు మూసుకున్నానో లేదో, తిరువాలంగాడు పక్కన మా అవ్వగారి ఊళ్ళో ఉండాను.

ఊరి చెరువు నడుమ ఒక మిట్ట ఉండేది. వానలకు నీళ్ళు చుట్టుకుంటే అది లంక. ఎండలకు నీళ్ళు ఇంకితే నడిచిపోయే నేల. దాని మీద ఒకటే పాలచెట్టు. ఎండలు తగ్గే ఆని నెలలో పసుప్పచ్చ పండ్లు రాలేవి. తింటే పెదాలు బంకగా అంటుకొని మాట వచ్చేది కాదు, ఒకరి మూతి ఒకరు చూసి నవ్వుకుంటా, ఆ తీపి వాసన చేతులతోనే పొద్దుమునిగేదాకా అచ్చనగాండ్లు ఆడేవాళ్ళం.

ముసలి చెట్టు, మాను లోపలంతా డొల్ల. "నేను పొయ్యేలోగా దాని పిల్ల ఒకటి కంటితో చూడాల" అనేది అవ్వ. ఎన్ని గింజలు పాతినా మొలిచేవి కావు.

ఒక ఏడు మా మామ వడక్కు, అదే ఉత్తరాది, నుంచి వచ్చిన లారీలో పొడుగు చెవుల మేకనొకదాన్ని కొనుక్కొచ్చినాడు. మన అరుపు దానికి తెలీదు; రమ్మంటే పొయ్యేది, పొమ్మంటే వచ్చేది. నేరుగా మిట్టకెక్కి, రాలిన పండు రాలినట్టే మింగేది. అవ్వ చెట్టు చుట్టూ ముళ్ళకంప వేయించింది. కంపలో కూడా దూరింది.

"నా చెట్టును ఈ పరదేశిది కడుపులో పెట్టుకుంటా ఉండాదిరా" అని అవ్వ మామ మీద లేచింది.

"పండ్లే గదమ్మా తినేది, నీ తలకాయ కాదు గదా."

"రేపు అదీ తింటుంది. అమ్మేసెయ్."

పొద్దున్నే కొట్టం ఊడ్చేది నేను. మేక నెమరేస్తా ఉమ్మిన గింజలు నున్నగా, మెరుస్తా, చీపురు ముందర గలగలా దొర్లేవి. పాలపండు గింజలని తెలిసే, పెంటతో ఎత్తి పారేసేదాన్ని. అవ్వకు చెప్పాలని తోచలేదు.

మేకను సంతలో అమ్మేసినారు. ఖాళీ కొట్టాన్ని ఇంక ఎవరూ ఊడవలేదు. చలికి ముందొచ్చే ఐపసి నెల వానలకు చూరు కారి, గింజలతో మిగిలిన ఎరువు నానింది. కొన్నాళ్ళకు గోడవార నాలుగు పాలచెట్టు మొలకలు. అవ్వ వంగి లేతాకును వేలితో తడిమింది.

"ఆ మేక యాడుండాదిరా?"

"నువ్వే గదమ్మా అమ్మమంటివి" అన్నాడు మామ. "యాడని వెతికేది."

నాలుగింటిలో ఒకటి దక్కింది. దానికి రెండేండ్లు తన చేత్తోనే నీళ్ళు పోసి, అవ్వ పోయింది. ఇప్పుడు ఆ చెరువులో ఇండ్లు లేచినాయి, మిట్ట లేదు, మేకలు తోలేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. కొట్టం ఉండిన చోట చెట్టు మాత్రం ఏటేటా కాస్తుంది. పండ్లు రాలి, రాలిన చోటే ఎండిపోతాయి.