బొట్టు కింద అంకె

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో నా జెరాక్స్ షాపు గోడకు ఆనుకునే వీరబ్రహ్మం గారి కంప్యూటర్ షాపు. పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, ఆ మనిషి అలిసిపోకుండా కనిపించిన రోజు ఒక్కటీ లేదు. పొద్దున్నే షట్టరు ఎత్తేటప్పటికే సాయంత్రం మొహం వేసుకుని ఉంటాడు. వచ్చేవాళ్ళు కూడా అలాంటివాళ్ళే. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి, "ఈ కార్డు వేస్తే ఆ గేమ్ ఆడుద్దా అండి?" అని గంటసేపు ప్రాణం తీస్తారు. నేనైతే లేచి పొమ్మంటాను. ఆయన మాత్రం వాళ్ళ నాన్న వడ్రంగి పనికి వాడిన ఇనప టేపు తీసి, క్యాబినెట్ లోపల కొలిచి, "పట్టదండి" అనో "పడుద్దండి" అనో చెబుతాడు. కొలవకుండా ఒక్క మాట అనడు. జనానికి అదే ధైర్యం.

దుర్గాశ్రీ ఆ ధైర్యంతోనే వచ్చింది. కాకినాడలో చేపల రేవు దగ్గర వాళ్ళిల్లు, తండ్రికి పడవుంది. డిగ్రీ చదువుతూ కంప్యూటర్‌లో గేములు ఆడుతుంది. సరదాకి కాదు, పోటీలకి. కొత్త టీమొకటి ఆదివారం తనకు ట్రయల్ పెట్టిందట. మూడేళ్ళ కిందట ఈయన దగ్గరే కొన్న సిస్టంలో ఆ గేమ్ నత్తనడక నడుస్తోంది. అందుకని గ్రాఫిక్స్ కార్డు మార్పిద్దామని, దుప్పట్లో చుట్టిన సీపీయూని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది.

"ఒక్కసారి మధ్యలో ఆగిందంటే ఇంక నన్ను పిలవరండి, బాబాయ్‌గారూ," అంది.

ఆ పిల్ల మనసు మూడు ఫ్యాన్ల కార్డు మీద ఉంది. టేపు పెట్టి చూస్తే రెండు వేళ్ళ మేర ఎక్కువొచ్చింది. "పట్టదమ్మా," అని రెండు ఫ్యాన్లది చూపించాడు. ప్రాసెసర్ దానికి సరిపోతుందో లేదో చూశాడు, ప్లగ్గు చూశాడు. ఇక మిగిలింది లోపల అన్నిటికీ కరెంటునిచ్చే డబ్బా, ఎస్ఎంపీఎస్. కొత్త కార్డు కరెంటు బాగా తాగుతుంది. డబ్బా ఆరువందల యాభై వాట్లదైతే హాయిగా లాగుతుంది, నాలుగువందల యాభైదైతే లాగలేదు.

ఆ వాట్లు స్టిక్కరు మీద ఉంటాయి. స్టిక్కరు మీద ఎండిపోయిన గంధం, కుంకుమ బొట్టు. కిందటి దసరాకి దుర్గాశ్రీ సిస్టం సర్వీసుకొచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆయుధపూజ నాడు షాపులో ఉన్న ప్రతి మిషన్‌కీ ఆయన బొట్టు పెడతాడు, తనదా పరాయిదా అని చూడడు. ఈ డబ్బా మీద పెట్టిన బొట్టు సరిగ్గా మొదటి అంకె మీద పడింది. పక్కన యాభై మాత్రం కనిపిస్తోంది.

"గోటితో గీకెయ్యండి," అన్నాను, ఏవో కాగితాలివ్వడానికి అటు వెళ్ళిన నేను.

గీకలేదు. పెట్టిన బొట్టు చెరపడానికి ఆయనకు చెయ్యి రాదు. తండ్రి పోయిన పదో రోజున వాళ్ళమ్మ నుదుటి బొట్టు తుడిచేస్తుంటే పక్కనే నిలబడి చూశాడట, అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్ళు. "ఆ రోజుల్లో అన్నిటికీ ఆరువందల యాభయ్యే వేసేవాడినండి, మాణిక్యాంబ గారూ," అన్నాడు నాతో. పాపం, ఆ రోజు అప్పటికే తొమ్మిది సిస్టంలు విప్పి ఉన్నాడు. చూడకుండా ఆయన అన్న మాట నేను విన్నది అదొక్కటే.

కార్డు బిగించి పావుగంట నడిపాడు. బాగానే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల మళ్ళీ దుప్పటి మూటతో దిగింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"ఆట బిగువుకొచ్చేసరికి టక్కున ఆరిపోతందండి. నాలుగుసార్లు ఆరిపోయిందండి. కార్డు మంచిది కాదేమోనండి?"

నేరం కార్డు మీదకి తోసెయ్యడం ఎంత తేలిక! కంపెనీకి పంపిస్తానంటే ఆ పిల్ల నమ్మేది. నాకైతే ఆ ఆలోచన వచ్చింది కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆయన డబ్బా విప్పి బయటికి తీశాడు. గుడ్డ తడిపి, దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత బొట్టు తుడిచాడు. బయటపడిన అంకె నాలుగు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "కార్డు మంచిదే. బొట్టు తుడవలేక నీకు అబద్ధం చెప్పాను."

పెద్ద డబ్బా షాపులో లేదు. కాకినాడకీ రాజమండ్రికీ ఫోన్లు చేశాడు, సోమవారం దాకా రాదన్నారు. అప్పుడు లేచి, తను రోజూ పనిచేసుకునే సొంత సిస్టం విప్పి, అందులోని ఆరువందల యాభై డబ్బా తీసి ఆ పిల్ల సిస్టంకి బిగించాడు. ఈసారి రెండు గంటలు ఆమె చేతే ఆడించాడు.

"బొట్టు పెట్టరా అండి?" అంది దుర్గాశ్రీ, మూత వేసే ముందు.

"నువ్వే పెట్టమ్మా. స్టిక్కరు మీద కాకుండా పక్కన పెట్టు."

సోమవారం పొద్దున్న ఫోన్ వచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాడు.

"ఆగిందా అమ్మా?"

"లేదండి బాబాయ్‌గారూ. మూడు గంటలూ ఒక్కసారి కూడా ఆగలేదండి. నన్ను తీసుకోలేదండి. నాకంటే బాగా ఆడేవాళ్ళు ఇద్దరున్నారండి. నేనే ఓడిపోయానండి, సిస్టం కాదండి."

నాకు ఉసూరుమనిపించింది. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "మళ్ళీ ఆడుదువు గానిలే అమ్మా," అన్నాడు. ఫోన్ పెట్టేశాక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, పట్టపగలు, గిరాకీ వేళలో ఆ మనిషి నిద్రపోవడం చూశాను. వచ్చినవాళ్ళను గంటాగి రమ్మని నేనే పంపించేశాను.