గడప బయట వేపాకు నీళ్లు

మొన్న మా ఎదురింటి ముందు కారు ఆగింది. ఆ ఇంటి కోడలు క్యాన్సరుకు వైద్యం ముగించుకుని, తలకు రుమాలు కట్టుకుని దిగింది, చెప్పులు విడిచి నేరుగా లోపలికి నడిచి వెళ్లిపోయింది. అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నేను చేతిలో పని ఆపి అటే చూస్తూ ఉండిపోయాను. పని మధ్యలో ఆపడం నా అలవాటు కాదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్బయ్యో దశకం మొదట్లో మన గోదావరిఖనిలో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనేవారు కాదు, గొంతు తగ్గించి పెద్ద రోగం అనేవారు, దానికి పట్నం దవాఖానలో ‘కరెంటు పెడతారు’ అన్నది మాత్రం అందరికీ తెలుసు, ఇప్పుడు రేడియేషన్ అంటున్నది దాన్నే. బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయనకు గొంతులో అది వచ్చింది. కరెంటు పెట్టడం పూర్తయ్యేసరికి మెడ చుట్టూ తోలు కమిలి పెనం అడుగులా నల్లబడింది, మాట పూర్తిగా పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆ నల్లటి చోట చుక్క నీరు పడకూడదు, సబ్బూ నూనే పసుపూ ఏదీ తగలకూడదు, తోలు లేచి పుండు పడితే ప్రాణం మీదికి వస్తుంది అని చెప్పింది. నేను చదివింది రెండో తరగతి, అదీ సగమే, కానీ ఆ మాటను రైల్లో దారి పొడవునా ఎక్కం అప్పజెప్పుకున్నట్టు లోలోపల అనుకుంటూనే వచ్చాను.

రామగుండంలో రైలు దిగి బస్సెక్కాం. నా పాత చీర చింపి ఆయన మెడకు వదులుగా చుట్టాను, కిటికీలోంచి దుమ్ము పడకుండా కొంగు అడ్డం పట్టుకున్నాను. మా క్వార్టర్ల లైనులో అడుగు పెట్టేసరికి మొదటి షిఫ్టు దిగిన వేళ, అందరూ వాకిళ్లలోనే ఉన్నారు. పక్కింటి అక్క మాత్రం నవ్వుతూ ఎదురొచ్చింది.

“ఏం పిల్లా, పెనిమిటిని తోల్కొచ్చినవా, కరెంటు స్తంభాన్ని తోల్కొచ్చినవా? ముట్టుకుంటె షాకు కొట్టడు గద!”

కొందరు నవ్వారు. నవ్వుతూనే తమ పిల్లలను వెనక్కి లాక్కున్నారు.

మా అత్త గడపకు అడ్డంగా నిలబడి ఉంది. పక్కనే బొగ్గుల పొయ్యి మీద పెద్ద గిన్నెలో వేపాకు నీళ్లు మరుగుతున్నాయి. దవాఖాన నుంచి వచ్చిన మనిషి తల మీద నీళ్లు పోసుకోకుండా గడప దాటకూడదని ఆమె పట్టు, పైగా లోపల నా ఇద్దరు పిల్లలున్నారు. అదీగాక, షిఫ్టు దిగి వచ్చిన కొడుకు మెడా వీపూ పీచుతో రుద్ది బొగ్గు వదలగొట్టడం, నేను కాపురానికి వచ్చాక కూడా ఆమె నాకు అప్పగించని పని. అంతలో ఆయన మెడ గుడ్డ జారింది.

“ఇన్నొద్దులు పట్నంల ఉన్నా మెడ మీది బొగ్గు వోలేదు సూడు! నీ పెండ్లాం ఒక్కనాడన్న రుద్దిందారా కొడుకా?” అంటూ పీచు నీళ్లలో ముంచి దగ్గరికి వచ్చింది.

ఆయన నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక్కి జరిగాడు. చిన్నప్పటి మారాం అనుకుందేమో, ఆమె నవ్వుతూనే చెయ్యి చాచింది. అత్తకు ఎదురు చెప్పడమే ఎరగని కాలం అది, నేను ఆమె చెయ్యి పట్టి ఆపాను.

“అది బొగ్గు గాదత్తా, కాలిన తోలు. నీళ్లు తాకితె పుండైతది. పుండైతె మనిషి దక్కడు.”

ఆమె పీచు కింద పడేసింది, గడప మాత్రం వదల్లేదు. “మరి తానం లేకుంట లోపలికెట్ల రానిస్త? ఇంట్ల పోరగాళ్లు లేరా? ఆళ్లకేమన్న అయితె ఎవలకు జెప్పుకోవాలె?”

ఆయన ఇంకా ఎండలోనే ఉన్నాడు. ఇంకాసేపు నిలబడితే కూలిపోతాడు. నాకేం తోచిందో ఏమో, వెళ్లి బట్టలుతికే బండ మీద చీరతోనే కూర్చున్నాను.

“లగ్గంల మా ఇద్దరికి కొంగుముడి ఏసింది నువ్వే గద. ఆయన తానం నేను జేస్త, నాకు పోయ్. ఇంత బొగ్గు కాలవెట్టి కాగవెట్టిన నీళ్లు పారవోస్తమా?”

“పోయ్ అత్తా, కోడలికి నీళ్లు పోసే మోక మల్ల దొర్కదు!” అంది పక్కింటి అక్క. ఈసారి అందరూ నిజంగానే నవ్వారు.

అత్త నవ్వలేదు. మరిగే నీళ్లలో చన్నీళ్లు తొలిపి, మోచెయ్యి ముంచి చూసుకుని, చెంబెత్తి నా తల మీద పోసింది. ఏ దేవతకు మొక్కుకుందో, పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె చెయ్యి ఎంతగా వణికిందంటే, పోసినంతసేపూ చెంబు అంచు నా నెత్తికి తగులుతూనే ఉంది. నా మీద కోపం అనుకున్నదంతా కొడుకు ఏమైపోతాడో అన్న బెదురని నాకప్పుడు తెలిసింది. గిన్నె ఖాళీ అయ్యాక పక్కకు తప్పుకుంది. ఆయన ఒంటి మీద చుక్క పడకుండా గడప దాటాడు. దాటుతుంటే ఆమె చెయ్యి ఆ మెడ దాకా వెళ్లి, తాకకుండానే వెనక్కి వచ్చింది.

తోలు మానింది. గొంతు బొంగురుగానైనా తిరిగి వచ్చింది, బాయిలోకి దిగే పని లేకుండా పైన డ్యూటీ ఇచ్చారు, పిల్లల పెళ్లిళ్లు చూసే దాకా ఉన్నాడు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, ఆ చోట బొగ్గు కోసం పైనుంచి తవ్విన ఓపెన్‌కాస్టు గొయ్యి ఉంది. రోగాల సంగతి మనవళ్లు ఫోనులో చూసి నాకే చెబుతారు, ఎవరూ ఎవరినీ గడప బయట నిలబెట్టరు. మంచిదే, ఆ మధ్యాహ్నం ఇంకో ఆడదానికి రాకూడదు. పోయిన చలికాలం నేనూ కొన్నాళ్లు దవాఖానలో ఉండి వచ్చాను. ఇంటినిండా మనుషులున్నారు, అందరూ మంచిగానే పలకరించారు, స్నానాలగదిలో గీజరు వేసి ఉంచారు. తలుపు వేసుకుని ఒక్కదాన్నే నీళ్లు పోసుకున్నాను. నాకోసం ఎవరైనా భయపడ్డారో లేదో తెలియలేదు.