మీరా, మీరా

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అక్క గొంతు మారిపోయింది. నరసాపురంలో ముప్పై ఏళ్లు చర్చి క్వయర్‌లో ముందు నిలబడి పాడిన మనిషి, ఒక చరణం ఎత్తుకోబోయి, ఎవరో మగమనిషి పలికినట్టు వినబడగానే ఆగిపోయింది. "అది నా గొంతు కాదురా, ఇంక పాడను" అంది.

మధ్యాహ్నాలు వసారాలో లేసు అల్లుతూ ఫోన్‌లో ఒక స్పానిష్ గాయనిని వినేది. తెల్లదారం ఆమె వేళ్ల మీదుగా జారి పువ్వులయ్యేది. కాలవగాలికి పాట దగ్గరై, దూరమై, నిద్రకూ మెలకువకూ మధ్య ఊగేది. ఆ గాయని కథ నేను చదివి చెప్పేవాణ్ణి. మన గోదావరి లంకల్లాంటి చోటే పుట్టింది, కాకపోతే చుట్టూ సముద్రం. తల్లి బట్టలు కుట్టేది. పెళ్లిళ్లలో పాడుతూ మొదలుపెట్టి దేశదేశాలు తిరిగింది. ఆ తిరుగుడులోనే గొంతు పోయింది. నెలల తరబడి ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపించింది. చివరికి బొంగురు గొంతు వస్తే, దానితోనే పాడింది.

"దేవుడి దయ" అంది అక్క.

"దయ కాదు, డాక్టరు. ఆపైన సాధన."

"సరేలే నీ డాక్టరు! ఎంత మర్యాదగా అడుగుతోందో విను. 'మీరా? మీరా?' అంటోంది. నా గొంతును నేను అడిగినట్టే ఉంది."

పాటలో ఆ మాట నిజంగానే మళ్లీ మళ్లీ వస్తోంది. జనం భ్రమల మీద జీవితమంతా వాదించినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. "తెలుగు కాదక్కా అది. స్పానిష్‌లో మీరా అంటే 'చూడు' అని."

సూది ఆగింది. "ఓహో" అంది. ఆ వారమంతా వసారాలో పాట లేదు. నేను చెప్పింది నిజమే. ఆ నిశ్శబ్దంలో దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

ఆదివారం ఎప్పటిలాగే స్కూటర్ మీద ఆమెను చర్చి దగ్గర దింపి, లోపలికి వెళ్లే అలవాటు లేదు గనక గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను. క్వయర్ ఎత్తుకుంది. ఆ గొంతులన్నిటి కింద, ఏటి అడుగున నీళ్లు కదిలినట్టు, ఇంకో గొంతు. బొంగురుది. ఎక్కడా ఆగలేదు. కిటికీ దాకా వెళ్లాను గానీ జనం అడ్డు.

బయటికొచ్చిన అక్కను బుద్ధెరిగాక మొదటిసారి మర్యాదగా పలకరించాను. "మీరా అండీ, పాడింది?"

చెప్పులు తొడుక్కుంటూ నవ్వింది. "చూడమంటోందని నువ్వేగా చెప్పావు! మరి చూడలేదేంట్రా?"